ప్రీ ఫైనల్ పేపరు ట్రంకు పెట్టెలో దాచకండి

- పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (గణితం)

తమ్ముళ్లూ,

మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని వార్డెన్ గారు అడిగారు. అందరూ కవితలు రాస్తారు కదా, నేనూ ఒకటి రాద్దామని కూర్చున్నాను. రెండు లైన్లు వచ్చి ఆగిపోయింది. నాకు వచ్చినవి లెక్కలే కాబట్టి లెక్కల గురించే రాస్తున్నాను. పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షలు ఇక నెల రోజులే ఉన్నాయి, ముఖ్యంగా వాళ్ల కోసం. తొమ్మిదో తరగతి వాళ్లు కూడా చదవండి, వచ్చే ఏడాది మీకూ తప్పదు.

నేను 2013లో ఆరో తరగతిలో ఈ హాస్టల్లో చేరి, 2018లో పదో తరగతి రాసి వెళ్లాను. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాణ్ణి నేనే. ఎం.ఎస్సీ. అయిపోయింది. ఇప్పుడు ఉద్యోగ ప్రయత్నాల్లో ఉంటూ వారానికి రెండు మూడు రోజులు సాయంత్రం స్టడీ అవర్‌కు వచ్చి మీ మధ్య కూర్చుంటున్న సంగతి మీకు తెలిసిందే.

మొన్న ప్రీ ఫైనల్ లెక్కల పరీక్ష అయిన రోజు రాత్రి నేను ఇక్కడే ఉన్నాను. అన్నాలు తిన్నాక వరండాలో ట్యూబ్‌లైటు కింద పది మంది గుమిగూడారు. అందరి చేతుల్లో ప్రశ్నపత్రాలు.

"అంకశ్రేఢి లెక్కకి నీకెంత వచ్చిందిరా?"

"పదకొండు."

"నాకూ పదకొండే."

"అయితే కరెక్టేలే. ఇద్దరికీ ఒకటే వచ్చింది కదా."

మూడోవాడు కూడా పదకొండే అన్నాడు. ఒక్క తమ్ముడు మాత్రం ముప్పై రెండు అన్నాడు. అందరూ వాడి వైపు చూసి నవ్వారు. వాడు మాట్లాడకుండా ప్రశ్నపత్రం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లి పడుకున్నాడు. నిజానికి సరైన జవాబు వాడిదే! పది మంది కలిసి రైటు రాసినవాణ్ణి తప్పు చేసినవాడిలా పంపించేశారు. ఓటింగులో మెజారిటీ చెల్లుతుంది గాని లెక్కలో చెల్లదు.

ఆ లెక్క ఇది. 7, 10, 13, ... అనే అంకశ్రేఢిలో 100 ఎన్నో పదం? మొదటి పదం 7, సామాన్య భేదం 3. సూత్రం అందరికీ వచ్చు, అందరూ సరిగ్గానే రాశారు కూడా. 7 + (ఎన్ - 1) × 3 = 100. ఇక్కడిదాకా వంక పెట్టడానికి లేదు. తర్వాతి లైనులో 7, 3 కలిపి 10 చేసేశారు. 10 × (ఎన్ - 1) = 100, ఎన్ - 1 = 10, ఎన్ = 11. కూడిక కంటే గుణకారం ముందు చెయ్యాలని ఆరో తరగతిలోనే చదువుకున్నాం. కానీ 7 పక్కన 3 కనపడగానే చెయ్యి కలిపేస్తుంది.

ఈ తప్పుతో ఉన్న ప్రమాదం ఏమిటంటే జవాబు చాలా చక్కగా వస్తుంది. పదకొండున్నర అనో, పది ముప్పావు అనో వచ్చి ఉంటే అనుమానం వచ్చి వెనక్కి చూసేవాళ్లు. పదకొండు అని నిండు సంఖ్య వచ్చేసరికి నమ్మేశారు. ఏడు దగ్గర మొదలుపెట్టి వేళ్ల మీద మూడేసి కలుపుకుంటూ పదకొండో పదం దాకా వెళ్లి చూడండి. 37 వస్తుంది. 100 ఎక్కడ, 37 ఎక్కడ? దీనికి అర నిమిషం చాలు.

మర్నాడు ఈ లెక్కే ఫోనులో మా అన్నకు చెప్పాను. ఆయన తాపీ మేస్త్రి. సూత్రం ఏమీ చెప్పలేదు, ప్రశ్న మాత్రమే చెప్పాను. కాసేపు ఆగి, "మొదట ఏడున్నాయి. వందకి ఇంకా తొంభై మూడు కావాలి. మూడేసి చొప్పున ముప్పై ఒక్క సార్లు వెయ్యాలి. మొదటిది కలుపుకుంటే ముప్పై రెండోది" అన్నాడు. "మరి ఏడూ మూడూ కలిపి పది చేస్తే?" అన్నాను. "మొదట ఉన్నదాన్ని రోజూ వేసేదాంతో ఎందుకు కలుపుతావురా?" అన్నాడు. నేను బోర్డు మీద పావుగంట చెప్పినదాని కంటే ఆ ఒక్క మాట బాగుందనిపించింది.

మా అన్న పదో తరగతి ఫెయిలయ్యాడు. లెక్కల్లోనే. ఇది మీలో చాలా మందికి ఇంతవరకు చెప్పలేదు.

2010 మార్చిలో ఆయన రాశాడు. అప్పుడు లెక్కలు పేపర్-1, పేపర్-2 అని రెండు పేపర్లు, ఒక్కోటి 50 మార్కులు. పాసవ్వాలంటే 35 రావాలి. ఆయనకు 31 వచ్చాయి. మిగతా సబ్జెక్టులన్నీ పాసే. సప్లిమెంటరీ పరీక్షలు వచ్చేలోపు మేనమామతో పాటు పనికి వెళ్లాడు, ఆ ఏడాది ఇంట్లో అప్పు ఉంది. వచ్చే ఏడాది కడదాంలే అన్నారు. ఆ వచ్చే ఏడాది రాలేదు. ఆయన సంపాదించిన డబ్బుతోనే తర్వాత నేను ఇంటర్ చదివాను.

ఎన్నో ఏళ్ల తర్వాత ఒకసారి ఆయన్ని అడిగాను, ఏ లెక్క తప్పు పోయింది అని. "ఏమో రా, నాకెట్టా తెలుస్తుంది? పేపరు నా చేతికిచ్చారా?" అన్నాడు. ఆ నాలుగు మార్కులు ఎక్కడ పోయాయో ఆయనకు ఈ రోజుకీ తెలియదు. పద్ధతి తెలియక పోయాయా, ఒక మైనస్ గుర్తు దగ్గర పోయాయా, ప్రశ్న నంబరు తప్పు వేశాడా, ఎవరు చెబుతారు? పునాదికి ముగ్గు పోసేటప్పుడు ఆయన ఒక వైపు మూడడుగులు, రెండో వైపు నాలుగడుగులు కొలిచి గుర్తులు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు సరిగ్గా అయిదడుగులు చూపిస్తేనే మూల కుదిరినట్టు. పెద్ద ఇల్లయితే ఆరు, ఎనిమిది, పది. మూడు మూళ్లు తొమ్మిది, నాలుగు నాలుగులు పదహారు, రెండూ కలిపితే ఇరవై అయిదు. అది మన పుస్తకంలోని పైథాగరస్ సిద్ధాంతమే. రోజూ దానితో అన్నం తింటున్న మనిషి సర్టిఫికెట్టు మీద మాత్రం గణితం ఫెయిల్. ఓపెన్ స్కూల్లో కట్టమని నేను ఇప్పటికీ పోరుతుంటాను. "ముందు మీ హాస్టల్ పిల్లల సంగతి చూడు" అంటాడు.

అందుకే చెబుతున్నాను. పబ్లిక్ పేపరు దిద్దాక దానంతటది మన దగ్గరికి తిరిగి రాదు, మార్కులు మాత్రమే వస్తాయి. తిరిగి మన చేతికి వచ్చేది ప్రీ ఫైనల్ పేపరే. ఎర్ర ఇంకుతో ఎక్కడెక్కడ ఎంత పోయిందో గుర్తు పెట్టి మరీ ఇస్తారు. దాన్ని మనం ఏం చేస్తున్నాం? మొదటి పేజీ మీద మార్కులు చూసుకుని, నాలుగు మడతలు పెట్టి, ట్రంకు పెట్టెలో బట్టల అడుగున పెట్టేస్తున్నాం. నేనూ అదే పని చేశాను. 2018లో నాకు ప్రీ ఫైనల్ పేపర్-1లో 40కి 12 వచ్చాయి. పండగ చొక్కా కింద దాచాను. మా లెక్కల మాస్టారు ఒక రోజు ఆ పేపరు పట్టుకురమ్మని, తిట్టకుండా, "ఒక్కో తప్పూ నువ్వే పైకి చదివి వినిపించు" అన్నారు. తిట్టి ఉంటే బాగుండునని ఆ రోజు అనుకున్నాను.

ఈసారి కిటికీ పక్కన పడుకునే తమ్ముడికి 28 వచ్చాయి. "నాకు లెక్కలు రావన్నా" అని రెండు రోజులు నాకు ఎదురు పడలేదు. మూడో రోజు ఇద్దరం ఆ పేపరు ముందు పెట్టుకుని కూర్చున్నాం. మొత్తం 100లో 72 పోయాయి. అందులో 38 అసలు ముట్టుకోని ప్రశ్నలవి. రాసి పోగొట్టుకున్నవి 34. ఆ 34ను ఒక్కొక్కటిగా లెక్క పెట్టాం. నిజంగా పద్ధతి తెలియక పోయినవి 10. ప్రశ్న సరిగ్గా చదవక పోయినవి 9. పద్ధతి అంతా తెలిసి, గుర్తుల దగ్గర, కూడికల దగ్గర పోయినవి 15. అంటే 24 మార్కులు వాడికి వచ్చిన లెక్కల్లోనే పోయాయి. అవి ఉంటే 52. వాడు కాగితం మీద ఆ కూడిక మళ్లీ రెండుసార్లు చేసి చూసుకున్నాడు. "రావు" అనే మాట వాడి నోట మళ్లీ రాలేదు. పేపరు చూడకుండా ఉంటే ఇది మా ఇద్దరికీ తెలిసేది కాదు.

వాడి పేపరులో ఉన్న తప్పులు రెండు ఇక్కడ రాస్తాను. వాడి అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఎందుకంటే ఆ తప్పులు మిగతా పేపర్లలో కూడా చాలా కనపడ్డాయి.

ఒకటి వర్గ సమీకరణం. 2ఎక్స్² - 5ఎక్స్ + 3 = 0 మూలాలు కనుక్కోమన్నారు. సూత్రంలో బీ విలువ -5. బీ² అంటే (-5) × (-5), అంటే 25. మనవాడు బ్రాకెట్టు పెట్టకుండా -5² అని రాసి, దాన్ని -25 చేశాడు. 4ఏసీ విలువ 24. -25 - 24 = -49. విచక్షణి రుణ సంఖ్య కాబట్టి వాస్తవ మూలాలు లేవు అని రాసి కింద గీత గీసేశాడు. అసలు విచక్షణి 25 - 24 = 1. మూలాలు 5 ప్లస్ ఆర్ మైనస్ 1 బై 4, అంటే 3/2, 1. చూశారా, ఒక్క బ్రాకెట్టు! మూలాలు కనుక్కోండి అని అడిగినప్పుడు మూలాలే లేవని జవాబు వస్తే అక్కడ చెయ్యి ఆగాలి. ఇంకో చిన్న మాట. 2, -5, 3 కలిపితే సున్నా. అలా మూడు గుణకాల మొత్తం సున్నా అయితే 1 తప్పకుండా ఒక మూలం. లెక్క మొదలుపెట్టక ముందే ఈ సంగతి చూసుకుంటే జవాబు సగం తెలిసిపోయినట్టే. నెగెటివ్ సంఖ్యను ఎక్కడ ప్రతిక్షేపించినా బ్రాకెట్టులో పెట్టి రాయండి, చోటు ఎక్కువ పట్టినా సరే.

రెండోది త్రికోణమితి. 60 మీటర్ల భవనం పై నుంచి నేల మీద ఉన్న కారును 30° నిమ్న కోణంతో చూస్తే, భవనం అడుగు నుంచి కారు ఎంత దూరంలో ఉంది? చాలా మంది బొమ్మలో 30° తీసుకెళ్లి గోడకూ చూపుకూ మధ్య పెట్టారు. దాంతో దూరం 20√3, అంటే దాదాపు 34.6 మీటర్లు వచ్చింది. నిమ్న కోణం గోడ నుంచి కొలిచేది కాదు. మన హాస్టల్ మేడ మీద నిలబడి తిన్నగా ఎదురుగా చూడండి. తర్వాత గేటు దగ్గరి కుళాయి వైపు చూపు దించండి. తిన్నగా ఉన్న చూపు నుంచి ఎంత కిందికి దించారో అదే నిమ్న కోణం. కాబట్టి బొమ్మలో ముందు భవనం పై నుంచి అడ్డంగా ఒక చుక్కల గీత గియ్యండి. ఆ గీతకూ దృష్టి రేఖకూ మధ్య 30° పెట్టండి. ఆ గీత నేలకు సమాంతరం కాబట్టి కారు దగ్గర కూడా అదే 30° వస్తుంది. టాన్ 30° = 60 / దూరం. దూరం 60√3, దాదాపు 103.9 మీటర్లు.

దీన్ని కూడా సరిచూసుకోవచ్చు. కోణం 45° అయితే ఎత్తూ దూరమూ సమానం, అంటే 60 మీటర్లు. చూపు అంతకంటే తక్కువ దించామంటే కారు ఇంకా దూరంగా ఉన్నట్టు. అంటే జవాబు 60 కంటే ఎక్కువ రావాలి. 34 వచ్చిందంటే బొమ్మ తప్పు. ఇవన్నీ మేడ మీదికి పది మందిని తీసుకెళ్లి చూపించాను. అందరూ కుళాయి వైపు చూస్తుంటే కమాటి కిందనుంచి "ఏంటయ్యా, నీళ్లు వస్తున్నాయా?" అని అడిగాడు.

ఇక ప్రశ్న చదవక పోయిన 9 మార్కుల సంగతి. మన పుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు ఉంటాయి. మీరు ఇంగ్లీషు మీడియంలో రాస్తున్నారు కాబట్టి తెలుగు పేజీ చూడటం తక్కువతనం అనుకుంటున్నారు. అదేం లేదు. శంకువు, అర్ధగోళం అతికించిన బొమ్మకు మొత్తం ఉపరితల వైశాల్యం అడిగితే, రెండూ అతుక్కున్న చోట ఉన్న వృత్తాన్ని కూడా కలిపేసినవాళ్లు ఉన్నారు. వాళ్లకు సూత్రం రాక కాదు, ఆ వాక్యం బుర్రకెక్కక. తెలుగు పేజీ చదివి, కళ్లు మూసుకుని ఆ బొమ్మను చేత్తో తడిమినట్టు ఊహించుకుని, అప్పుడు ఇంగ్లీషులో రాయండి. సాంఖ్యక శాస్త్రంలో మధ్యగతం సూత్రానికి సీఎఫ్ అంటే మధ్యగత తరగతిది కాదు, దాని ముందు తరగతి సంచిత పౌనఃపున్యం. ఇది కూడా చాలా మంది దగ్గర పోయింది.

ముట్టుకోని 38 మార్కుల్లో సిద్ధాంతం ఒకటి, 8 మార్కులది. ప్రాథమిక అనుపాత సిద్ధాంతం. ఉపపత్తి మధ్యలో మర్చిపోతానేమోనని పేజీ మొత్తం ఖాళీగా వదిలేశాడు. బొమ్మ గీసి, దత్తాంశం, సాధించవలసినది, నిర్మాణం రాస్తే వాటికీ మార్కులుంటాయి. మెట్టు మెట్టుకూ మార్కు వేస్తారు. ఖాళీ పేజీకి మాత్రం ఏ మాస్టారూ ఏమీ వెయ్యలేరు, ఎంత మంచివారైనా.

ఇంపార్టెంట్ ప్రశ్నల లిస్టులు అని జిరాక్సులు హాస్టల్లో తెగ తిరుగుతున్నాయి. నాకు వాటి మీద పెద్ద నమ్మకం లేదు. ఎవరో తయారు చేసిన లిస్టులో మీ తప్పులు ఉండవు. మీ తప్పులు మీ పేపరులోనే ఉంటాయి. పాత లాంగ్ నోట్సులో మిగిలిన కాగితాలు కుట్టుకుని ఒక పుస్తకం చెయ్యండి. తప్పు పోయిన ప్రతి లెక్కా మీరు రాసినట్టే ఎడమ పేజీలో దించండి, ఎక్కడ జారిందో ఆ లైను కింద గీత పెట్టండి. కుడి పేజీలో పుస్తకం చూడకుండా మళ్లీ చెయ్యండి. వారం తర్వాత అదే లెక్క అంకెలు మార్చి మీరే ఇచ్చుకుని చెయ్యండి. రోజుకు మూడు లెక్కలు చాలు. ఉదయం అయిదింటి స్టడీ అవర్‌లో చేస్తే ఇంకా మంచిది, అప్పుడు ఎవరూ మాట్లాడరు, నిద్రపోతుంటారు కాబట్టి.

చర్చించుకోవడం మానమని నేను చెప్పను. చర్చ నుంచే నేను నేర్చుకున్నాను. కానీ "నీకెంత వచ్చింది" అని జవాబుతో మొదలుపెట్టకండి. "నువ్వు రెండో లైను ఏం రాశావు" అని అడగండి. ముప్పై రెండు చెప్పిన తమ్ముణ్ణి మర్నాడు బోర్డు దగ్గరికి పిలిచాను. చాలాసేపు బతిమాలాక వచ్చాడు. రెండో లైను దగ్గర ఆగి, "ఒరేయ్, ఇక్కడ ముందు గుణించాల్రా" అన్నాడు. అంతే, పదకొండు వాళ్లందరూ ఒక్కసారి "ఓ!" అన్నారు.

పబ్లిక్ పరీక్షప్పుడు మాత్రం వేరే పద్ధతి. మా రోజుల్లో లెక్కలు రెండు పేపర్లు. పేపర్-1 రాసిన రాత్రి ఇలాగే వరండాలో జవాబులు చూసుకుని, మా వాడొకడు తెల్లవార్లూ మేలుకున్నాడు. పేపర్-2కు కళ్లు ఎర్రగా చేసుకుని వచ్చాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 నుంచి లెక్కలకు ఒకటే పేపరు, 100 మార్కులు. అయినా దాని తర్వాత సైన్సు, సోషల్ ఉంటాయి. కాబట్టి పబ్లిక్ లెక్కల పరీక్ష రాసి రాగానే ప్రశ్నపత్రం మడిచి ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేసేయండి. దానికి మాత్రం అదే సరైన చోటు. పరీక్షలన్నీ అయ్యాక ఎంతసేపైనా మాట్లాడుకుందాం.

వార్డెన్ గారితో మాట్లాడాను. పబ్లిక్ దాకా ప్రతి ఆదివారం డైనింగ్ హాల్లో పూర్తి పేపరు పెడుతున్నాం. ఉదయం టిఫిన్ అయ్యాక 9-30కి మొదలు, 12-45కి పేపర్లు తీసుకుంటాను. మొదటి పావుగంట పెన్ను పట్టకూడదు, ప్రశ్నపత్రం చదవడానికే. ఆ పావుగంటలో వచ్చిన ప్రశ్నల పక్కన పెన్సిలుతో చుక్క పెట్టుకోండి, రాయడం వాటితోనే మొదలుపెట్టండి. తప్పు దిద్దుకోవడానికి పక్కన కాస్త చోటు వదలండి. చివరి పది నిమిషాలు కొత్త లెక్క ఎత్తుకోకుండా చేసినవి సరిచూసుకోండి. పేపర్లు సోమవారం సాయంత్రం దిద్ది ఇస్తాను.

ప్యాడ్, స్కేలు, పెన్సిలు తెచ్చుకోండి. ప్రీ ఫైనల్ పేపరు కూడా తెచ్చుకోండి, మడతలు పడినా ఫర్వాలేదు.